ఆకుపచ్చ తెరలో అంతా క్షేమం

రిగొబెర్తో ఇన్స్‌ఫ్రాన్‌ని పేరు పెట్టి పిలిస్తే పలకడు. చదివిన డిగ్రీ గుర్తుండేలా 'లిసెన్సియాదో' అనాలి. పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం మొత్తానికీ ఆయనే పెద్ద. తన కంప్యూటర్ మొరాయిస్తే మాత్రం ఎవరినో కేకేసి, వాళ్లు బాగుచేసేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడతాడు. అలాంటి మనిషి కింద హెల్ప్ డెస్క్ నడపడం తన ఖర్మ అనుకునేది సునిల్డా.

ఆసుపత్రిలో ఏ యంత్రం పాడైనా, ఏ తెర వెలగకపోయినా టికెట్ అనే ఫిర్యాదు ఒకటి రాసి పంపాలి. ముందు అది సునిల్డా దగ్గరికి వస్తుంది. ఆమె చదివి నెట్‌వర్క్ జట్టుకో, యంత్రాల జట్టుకో, సాఫ్ట్‌వేర్ జట్టుకో పంచుతుంది. పద్ధతికేం, బాగానే ఉంది. మనుషులే బాగాలేరు. మూడు జట్లూ మూడు గదుల్లో తలుపులు బిగించుకుని, ఐసునీళ్లు పోసిన తెరేరే ఆకుల కషాయం పీలుస్తూ, పక్క గదివాళ్లు ఎంత చవటలో చెప్పుకుని పొద్దుపుచ్చేవి.

దీన్ని చక్కదిద్దుతానని లిసెన్సియాదో కొత్త సాఫ్ట్‌వేర్ కొనిపించాడు. నడవాలో పెద్ద తెర పెట్టించాడు. గడువులో ఉన్న టికెట్లు అందులో ఆకుపచ్చగా, గడువు దాటినవి ఎర్రగా కనిపిస్తాయి. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారిందంటే చాలు, ఆ టికెట్ గడువు మళ్లీ మొదటికొస్తుంది. ఈ కిటుకు కనిపెట్టడానికి ఆ మూడు గదులకూ ఒక్క పూట పట్టింది. ఆసుపత్రిలో వాళ్లు అంత చురుగ్గా చేసిన పని అదొక్కటే. టికెట్ రావడం, ఎర్రబడబోయే ముందు పక్క గదిలోకి విసిరేయడం. తెర ఎప్పుడు చూసినా వరిమడిలా పచ్చగా ఉండేది.

"టికెట్ చేతులు మారినంత మాత్రాన పని అయినట్టు కాదండీ," అని సునిల్డా ఒకసారి చెప్పి చూసింది.

"తెర ఏ రంగులో ఉందమ్మా?" అన్నాడు లిసెన్సియాదో.

"పచ్చగానే ఉంది."

"మరింకేం? పచ్చగా ఉంటే చూడలేని కళ్లకి నేనేం మందు వెయ్యను?"



ప్రసూతి వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక మీట ఉంటుంది. నొక్కితే నర్సుల బల్ల దగ్గర గంట మోగుతుంది. ఒకరోజు ఆ గంట మూగబోయింది. హెడ్ నర్సు ఎర్మెలిండా టికెట్ రాసింది. నెట్‌వర్క్ పెద్ద ఎలాదియో "లోపం యంత్రంలో ఉంది" అని రాసి యంత్రాల జట్టుకు తోసేశాడు. యంత్రాల పెద్ద పోర్ఫీరియో "దీపం వెలుగుతోంది, లోపం సాఫ్ట్‌వేర్‌ది" అని సాఫ్ట్‌వేర్ పెద్ద నిడియాకు తోశాడు. నిడియా "మాకు యంత్రమే కనిపించడం లేదు, నెట్‌వర్క్ చూడాలి" అని తిరిగి ఎలాదియోకు పంపింది. ముగ్గురిలో ఒక్కరూ మెట్లెక్కి వార్డుకు పోలేదు. టికెట్ చేతులు మారినప్పుడల్లా ఎర్మెలిండాకు ఒక సందేశం వచ్చేది: 'మీ సమస్య సంబంధిత జట్టుకు విజయవంతంగా చేరింది. మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారు?'

చివరికి ఆమె తానే కిందికి దిగి వచ్చి సునిల్డా బల్ల మీద చెయ్యి చరిచింది.

"ఏమ్మా, చుక్కలు కావాలా మీకు? పైకి రా, పట్టపగలే చూపిస్తాను!"

సునిల్డా వెంట వెళ్లింది. మెట్ల మీద ఉండగానే టంగు టంగుమని చప్పుడు వినిపించింది. వార్డులో ఆపరేషన్ అయిన ఒక బాలింత, లేవలేక, చెంచాతో మంచం కమ్మీని కొడుతోంది. పక్కన బిడ్డకు పాలు పొలమారి ముఖం కందిపోయింది. ఎర్మెలిండా పరుగున వెళ్లి బిడ్డను బోర్లా తిప్పి వీపు తట్టింది. బిడ్డ కేరుమన్నాక గానీ ఆ తల్లి చెంచా వదల్లేదు.

"అక్కా, గంట బాగుచేసేది నువ్వేనా?" అని అడిగింది ఆమె, సునిల్డా మెడలోని కార్డు చూసి.

"కాదమ్మా. నేను రాసుకునేదాన్ని."

ఆ మాట తన చెవికే రోత పుట్టించింది.

నేరుగా ఎలాదియో గదికి పోయింది.

"ఒక్కసారి పైకి రావయ్యా. మిగతా ఇద్దరినీ పిలుస్తాను."

"మా జట్టు మీద ఎర్రది ఒక్కటి చూపించు, వస్తాను," అన్నాడు అతను కుర్చీలోంచి కదలకుండా. "పోర్ఫీరియోకి పని రాకపోతే నేను మెట్లెక్కాలా?"

పోర్ఫీరియో ఇదే పాట నిడియా పేరుతో పాడాడు. నిడియా తల కూడా ఎత్తలేదు.

సునిల్డా తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. టికెట్లు ఎటు పోవాలో నిర్ణయించే నియమాలు రాసే అధికారం ఆమెదే. కొత్త నియమం ఒకటి రాసింది. రెండుసార్లు చేతులు మారిన టికెట్ ఇక ఏ జట్టుకూ పోదు, విభాగాధిపతికే పోతుంది. పని పూర్తయ్యేదాకా ఆయన ఫోన్ మోగుతూనే ఉంటుంది. దొంగచాటుగా చేయలేదు. మర్నాటి నుంచి అమలు అని లిసెన్సియాదోకు సందేశం పంపింది. కిందివాళ్లు పంపినవి చదవడం ఆయనకు నామోషీ.

మర్నాడు ఆసుపత్రి డైరెక్టర్ డాక్టర్ పెర్లా, యాజమాన్యం వాళ్లతో కలిసి తెర చూడటానికి వచ్చింది. వేడి వేడి చీపా రొట్టెలు తెప్పించారు. లిసెన్సియాదో కొత్త టై కట్టుకుని, "మా మూడు జట్లూ ఒకే కుటుంబం," అని మొదలుపెట్టాడో లేదో ఫోన్ మోగింది. నొక్కేశాడు. మళ్లీ మోగింది. జేబులో కుక్కుకున్నాడు. అక్కడా ఊరుకోలేదు.

"చూడండి, ఎవరికేం కష్టమో," అంది డాక్టర్ పెర్లా.

"అబ్బే, ఏదో యంత్రం గోల, డాక్టర్..."

ఆమె చెయ్యి చాచింది. ఇవ్వక తప్పలేదు.

"ప్రసూతి వార్డులో గంట మోగడం లేదు," అని పైకి చదివింది. "ఎప్పటినుంచి?"

"అది సంబంధిత జట్టుకు విజయవంతంగా..."

"గంట సంగతి అడిగాను. మీ విజయాలు తర్వాత వింటాను."

అందరినీ పైకి నడిపించింది. గదుల్లోంచి ముగ్గురు పెద్దలూ చీపా ముక్కలు మింగుతూ వచ్చారు, వాళ్ల వెనకే సునిల్డా. వార్డులో ఈసారి ఇంకో మంచం మీద చెంచా మోగుతోంది. యాజమాన్యం వాళ్లలో ఒకాయన తల దించుకున్నాడు. లిసెన్సియాదో కిటికీ వైపు నడిచాడు.

అప్పుడు బయటపడింది అసలు వింత. నలిగిన తీగ పోర్ఫీరియో మార్చాలి. కొత్త తీగకు ఎలాదియో దారి తెరవాలి. ఆ దారి నిడియా సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. ఒకరి పక్కన ఒకరు నిలబడితే తీరేదానికి, నిలబడటమే నామర్దా అయిపోయింది. డాక్టరమ్మ కళ్లెదుట ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ముగ్గురూ పని ముగించారు. గంట మోగింది. చెంచా కొట్టిన బాలింత ఊరికే మళ్లీ మళ్లీ మీట నొక్కి నవ్వింది.

"ఈ ఫోన్ ఏర్పాటు ఎవరిది?" అని అడిగింది డాక్టర్ పెర్లా.

"నాదే, డాక్టర్," అన్నాడు లిసెన్సియాదో, ఊపిరి కూడా పీల్చుకోకుండా. "ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను."

సునిల్డా ఒక అడుగు ముందుకు వేసింది. డాక్టర్ పెర్లా ఆమెను ఒకసారి చూసి, లిసెన్సియాదో వైపు తిరిగింది.

"మంచి ఆలోచన. అలాగే ఉండనివ్వండి. మీ ఫోన్‌కే."

ఆయన ముఖం పాలిపోయింది. కాదనడానికి దారి లేకుండా తానే తలుపు వేసుకున్నాడు. డాక్టరమ్మ మాట ఇచ్చిన ధైర్యంతో సునిల్డా మరో పని చేసింది. టికెట్ చేతులు మారినా గడువు మొదటికి రాకుండా మార్చింది. తెల్లవారేసరికి తెర నిండా ఎరుపే. లిసెన్సియాదో ఆ తెరను ఆర్పించి, గోడకు పూలచెట్ల బొమ్మ తగిలించాడు. ఆ విభాగంలో ఆయన చేతిమీదుగా జరిగిన మొదటి పనికొచ్చే పని అదేనంది ఎర్మెలిండా.

జట్లకు ఒకరిపై ఒకరికి ప్రేమ పుట్టలేదు. లిసెన్సియాదో ఫోన్ మోగితే ఆయన గదుల మీదికొచ్చి అరుస్తాడన్న భయంతో ఒకరి తలుపు ఒకరు తట్టడం నేర్చుకున్నారు. సునిల్డాను మాత్రం అందరూ పలకరించడం మానేశారు. ఒక ఉదయం ఎలాదియో ఆమె బల్ల ముందు ఆగాడు.

"మమ్మల్ని మెట్లెక్కించి ఏం బావుకున్నావే?"

"నేనేం బావుకుంటాను? ఫార్మసీలో ప్రింటర్ పలకడం లేదట. పోర్ఫీరియోని వెంటబెట్టుకుని వెళ్లు."

"వాడితోనా?"

"వాడూ ఇదే అడిగాడు నీ గురించి."

ఎలాదియో గొణుక్కుంటూ పోర్ఫీరియో గది వైపు నడిచాడు. సునిల్డా తర్వాతి టికెట్ తెరిచింది.