తల్లివైపు కిట్టు

ఇష్టమైనవాళ్ళకి బహుమతి కొనడం ఎవరికైనా చేతనవుతుంది. కంటపడితే ఒళ్ళు మండే మనిషికి కొనాలంటేనే బుర్ర కావాలి. మావగారు తిరుపతిరావు షష్టిపూర్తికి ఏం ఇవ్వాలా అని ఝాన్సీలక్ష్మి నెల్లాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుంది. శాలువా ఇస్తే బీరువాలో పడేస్తాడు. వెండి గ్లాసు ఇస్తే చేత్తో బరువు చూసి పెదవి విరుస్తాడు. నేరుగా గుండెల్లో దిగేది కావాలి ఆమెకి.

ఊరికే పుట్టిన కసి కాదది. ఝాన్సీ పుట్టిల్లు ఇచ్ఛాపురం దాటాక. అక్కడ తెలుగూ ఒరియా కలిపే మాట్లాడుకునేవారు. పెళ్ళయి వజ్రపుకొత్తూరు పక్కన ఈ కొబ్బరితోటల ఊరికి వచ్చిన కొత్తలో, చద్దన్నం తింటూ నోరు జారి ఒక ఒరియా మాట అంది. అంతే, తిరుపతిరావు దాన్ని పట్టుకుని ఇప్పటిదాకా వదల్లేదు. కూరలో ఉప్పు తగ్గితే ఒరియా రక్తం. ఝాన్సీ కూతురికి మార్కులు తగ్గితే ఒరియా రక్తం. మాజీ సర్పంచి, జీడితోటలున్న ఆసామి, ఆయన నవ్వితే ఊరు నవ్వేది. ఆయన తల్లి పోలమ్మ మాత్రం వీధరుగు మీద చాపేసుకుని, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, అవునని గానీ కాదని గానీ అనేది కాదు. ముసల్దానికీ ఇదే కావాలి కాబోలు అనుకుని ఝాన్సీ ఆవిణ్ణి కూడా మనసులో తిట్టుకునేది.

మాటలంటే పడింది. ఘటం దగ్గరే తట్టుకోలేకపోయింది.

అమ్మవారి సంబరంలో మొదటి ఘటం ఆ ఇంటిదే. పసుపు రాసి వేపమండలు కట్టిన కుండని ఇంటి పెద్దకోడలు నెత్తిన పెట్టుకుని ఊరందరికీ ముందు నడవాలి. అత్తగారికి మోకాళ్ళు పట్టేశాక ఆ వంతు ఝాన్సీది. ఇవ్వలేదు. టెక్కలిలో ఉన్న ఆడపడుచు హేమలతని ఏటేటా పిలిపించి ఎత్తించారు. ఈసారి హేమలతకి నడుం నొప్పి. షష్టిపూర్తి మర్నాడే సంబరం. ఎవరెత్తుతారని ఇల్లంతా ఎదురుచూస్తుంటే, తిరుపతిరావు భోజనాల దగ్గర తీర్పు చెప్పేశాడు.

"గౌరి ఎత్తుతాది. దాని రగతం మంచిది."

గౌరి చిన్నకోడలు. కాపురానికొచ్చి ఇంకా పుట్టింటి చీరలైనా మడత విప్పలేదు. ఝాన్సీ మొగుడు మహీధర్ పప్పన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. ఝాన్సీ కంచం వదిలి లేచింది. ఊరి కళ్ళముందు ఒకసారి చెల్లెలి వరస దాని వెనక నడిస్తే, చచ్చేదాకా వెనకే నడవాలి.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు ప్రేమ్‌కుమార్ ఎప్పుడో చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. విదేశాల్లో ఒక పెట్టె అమ్ముతున్నారట. అందులో దూది పుల్ల ఉంటుందట. దాన్ని బుగ్గ లోపల రుద్ది పంపిస్తే, మన ముత్తాతల ముత్తాతలు ఏ దేశాలు తిరిగి వచ్చారో డీఎన్‌ఏ చూసి చెబుతారట. పలాసలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి ఆ బొమ్మలన్నీ చూసి, అక్కణ్ణించే తమ్ముడికి ఫోన్ చేసింది.

"రెండు రకాలున్నాయి అప్పా. తండ్రి, తండ్రికి తండ్రి, ఆ వరస సెప్పేదొకటి. అది మగోళ్ళకే పనిసేత్తాది. తల్లి, తల్లికి తల్లి, ఆ వరసది ఇంకోటి. అది ఎవురికైనా సరే. నీకేది కావాలి?"

"తండ్రివైపుది తీసుకుంటే ఏటి తేలుతాది?"

"ఏవో అక్షరాలు, అంకెలూ వత్తాయి. మీ మావ అవి పట్టుకుని మాది రాజుల రగతమని ఫ్రేం కట్టించేత్తాడు."

నిజమే. పెళ్ళిలోనో చావులోనో నలుగురు పోగయితే చాలు, తిరుపతిరావు తన తాతముత్తాతల పేర్లు గుక్క తిప్పుకోకుండా వల్లిస్తాడు. అన్నీ మగ పేర్లే. తల్లులవైపు ఒక్క పేరు ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఝాన్సీకి ప్రాణం లేచొచ్చింది. గొప్పలు చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేని వైపే కొట్టాలి.

"తల్లివైపుదే తెప్పించు" అంది. ఆ తల్లి అరుగు మీద కూర్చున్న మనిషని అప్పుడామెకి తట్టనే లేదు. కోపంలో ఉన్నవాళ్ళకి ఎదురుగా ఉన్నవాడొక్కడే కనిపిస్తాడు.

షష్టిపూర్తి నాడు పందిట్లో ఊరంతా ఉంది. గోడ గడియారాలూ, దేవుడి పటాలూ పోగు పడ్డాయి. ఝాన్సీ తన పెట్టె అందించగానే తిరుపతిరావు మురిసిపోయాడు, విదేశీ వస్తువు కదా.

"ఏటిది కోడలా?"

"మీ రక్తం ఎంత గొప్పదో చెప్పే పరీక్ష మావయ్యా. బుగ్గలో పుల్ల రుద్దితే చాలు."

"నా ఎంగిలి ఇమానం ఎక్కుతాదన్నమాట!" అని ఆయన పకపకా నవ్వాడు. పందిరి కూడా నవ్వింది. "మాస్టారూ, ఆ కాయితం సదవండి, అందరూ ఇంటారు."

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రమణమూర్తి మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివి, తెలుగులో చెప్పుకొచ్చారు. "ఇది తల్లిగారి వైపుదండీ. మీ అమ్మగారు, వాళ్ళమ్మగారు, ఆ పై అమ్మగారు ఎక్కడివాళ్ళో చెబుతుందిట."

తిరుపతిరావు నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. పుల్లని పెట్టెలో పడేసి మూత పెట్టాడు.

"తండ్రివైపుది దొరకలేదేటి?"

"ఆ పేర్లు మీకు నోటికొచ్చు కదా మావయ్యా. రానివి తెలుసుకుందామని."

"తరవాత సూద్దాం. ముందు బోయినాలు కానీండి."

"ఒక్క నిమిషం పని. నోరు తెరవండి."

"ఝాన్సీ, ఊరుకో" అన్నాడు మహీధర్. ఇన్నాళ్ళకి ఆ మనిషికి నోరొచ్చింది, అదీ పెళ్ళాం మీద. ఆ మాటతో ఆమెకి ఉన్న కాస్త భయమూ వదిలిపోయింది. మావగారి చేతిలోంచి పెట్టె లాక్కుని, మూత తీసి, పుల్ల పైకెత్తింది.

"మీకు ఇష్టం లేకపోతే పోనీండి. తల్లీ కొడుకూ ఒకటే వరస. మామ్మది తీసినా అదే తేలుతుంది."

పందిరి దాటి అరుగెక్కి పోలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసి ఆ తెల్ల పుల్లని చూసింది, ఝాన్సీ మొహం చూసింది. ఝాన్సీ పుల్లని ఆవిడ పెదాల దగ్గరికి తీసుకెళ్ళింది.

పోలమ్మ దాన్ని చేత్తో ఒక్క దెబ్బ కొట్టి దుమ్ములో పడేసింది. ఆ వెంటనే తిట్లు అందుకుంది. ఒరియాలో. ఎక్కడా తడబడని, నిఖార్సయిన ఒరియాలో.

ఆ ఇంట్లో తను తప్ప ఇంకొకరు ఒరియా మాట్లాడగా ఝాన్సీ వినడం అదే మొదలు. ముసలమ్మ అన్నది ఇది: "నా నోట్లో పుల్ల పెడతావా? పెళ్ళినాడు ఈ గుమ్మంలో మా మావ ఈ ఒరియా నోరు కట్టేసుకోమంటే కట్టేసుకున్నాను. నా కన్నతల్లి పేరు కూడా మింగేసి ఈ సంసారం చేశాను. వాడి మీద కసి ఉంటే వాణ్ణి కొట్టు. నా నెత్తి మీద కాలేసి వాణ్ణి కొడతావా, పాపిష్టిదానా?"

జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అప్పుడు పందిరి మధ్యలోంచి తిరుపతిరావు కేక పెట్టాడు.

"బొవూ, చుప్ కొరొ!"

అమ్మా, ఊరుకో అని. ఒరియా ఒక్క ముక్క రాదని, వింటేనే చెవులు కడుక్కోవాలని ఇన్నేళ్ళు అన్న మనిషి, ఉయ్యాల్లో తల్లి చాటుగా నేర్పిన మాటతోనే ఆమె నోరు మూయించబోయాడు. సోంపేట సంతకి వెళ్ళొచ్చే జనానికి ఆ మాత్రం ఒరియా అర్థం కాకపోదు. అందరికీ అర్థమైంది. ఆయనకి తను ఏమన్నాడో అందరి మొహాలూ చూశాక తెలిసింది. పీట మీద అలాగే కూలబడ్డాడు. రమణమూర్తి మాస్టారు కాగితం మడత పెట్టేశారు.

ఝాన్సీ ఎదురుచూసిన గెలుపు ఇదే. తీరా అది వచ్చేసరికి ఆమె మావగారి వైపు చూడనే లేదు. పోలమ్మనే చూస్తోంది.

ముసలమ్మ తెలుగులోకి వచ్చింది, అందరికీ వినపడేలా.

"రేపు ఘటం ఇదే ఎత్తుతాది. ఎవుడు కాదంటాడో సూత్తాను." తరవాత ఝాన్సీకి మాత్రమే వినపడేలా అంది, "ఎత్తు. నడిమజ్జిన దించకు. నానెంత బరువు మోసినానో నీకూ తెలాల."

చుట్ట తిప్పి, నిప్పువైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసుకుంది.

ఝాన్సీ దుమ్ములోంచి పుల్ల ఏరుకుని లేచింది. తప్పయిపోయిందని ఒరియాలో చెప్పడానికి రెండు మాటలు చాలు. పుట్టినప్పటినుంచీ వచ్చిన భాషే, అయినా ఆ రెండు మాటలూ నోటిదాకా రాలేదు.