నల్ల సిరాతో ఒక కార్డు

శాస్త్రాల పారిభాషిక పదకోశంలో ఇంకా సంతకాలు పడని కార్డు ఒక్కటే మిగిలింది: "వ్యవస్థ". సాయంత్రం ఐదింటికి రాతప్రతి అచ్చుకు వెళ్లాలి. ప్రతి అర్థం కిందా ఇద్దరు నిపుణుల సంతకాలు ఉండాలి, లేకపోతే ఆ పదం తీసేయాలి. అది మా కార్యాలయం నియమం. ఇది తీసేస్తే, దీని మీద ఆనుకుని అర్థం చెప్పిన నలభై మూడు పదాలు కూలతాయి. వాటితో పాటు నా ఆరేళ్ల పనీ.

పై అంతస్తులో భౌతికశాస్త్రం పెద్దాయన ఆకుపచ్చ సిరాతో రాస్తారు. కింద రసాయనశాస్త్రం మేడమ్‌ది ఎర్ర సిరా. ఎరుపు కనిపిస్తే ఆయన చదవకుండానే కొట్టేస్తారు. ఆకుపచ్చ కనిపిస్తే ఆవిడా అంతే. పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు మెట్లెక్కి దిగాను. చివరికి వ్యవస్థ అంటే పరిసరాలు కానిది అని ఆయన, పరిసరాలంటే వ్యవస్థ కానిది అని ఆవిడ రాసిచ్చారు. ఎవరికి వారు, ఎంతో తగ్గి రాజీపడ్డట్టు నావైపు చూశారు.

నాకు ఒళ్లు మండింది. ఆ మంట వాళ్ల మీదే అనుకుంటే కాసేపు హాయిగా ఉంది. కానీ అది అక్కడ నిలవలేదు.

టైపిస్టు అక్క తలెత్తకుండానే అంది: "మోసి మోసి తపాలా సంచివైపోయావు తమ్ముడూ. ఆ పదం అర్థం నీకు తెలీదా ఏంటి?"

తెలుసు. మొదటి ఏడాదే తెలుసు. రాస్తే ఎవరు తప్పంటారోనని మోస్తూ వచ్చాను. మోసేవాణ్ణి ఎవరూ కొట్టేయరు.

కొత్త కార్డు తీసి నల్ల సిరాతో రాశాను: "పరిశీలించడానికి మనం గీత గీసి విడదీసుకున్న భాగం. గీతకు అవతల ఉన్నదంతా దాని పరిసరాలు."

మేడమ్ రెండుసార్లు చదివింది. ఆవిడ ఎర్ర కలం అందుకోకముందే నా కలం చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నాను. పైన పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ ఎవరు రాశారని అడిగారు. నేనే అన్నాను. ఆయన కలం మూత తీసి ఆగారు. ఐదుకు ఇంకా పది నిమిషాలున్నాయి.

"ఇంత తేలిక మాట దగ్గర పెట్టుకుని," అన్నారు సంతకం గీస్తూ, "ఇన్నేళ్లూ మమ్మల్నెందుకయ్యా చంపుకు తిన్నావు?"

నా దగ్గర జవాబుంది. దాన్ని మింగి, పదోసారి మెట్లు దిగాను.