తిన్నవా అని అడిగే స్క్రీన్

యాప్ తెరవగానే అది ముందు మనిషిని పలకరించాలని పట్టుబట్టింది నేనే. "గొర్రెల యాప్‌ల పలకరింపులెందుకు రెబెక్కా?" అన్నాడు రాజేందర్ సార్. ఆయన హైదరాబాద్‌లో మా డిజైన్ టీముకు పెద్ద. నేను తాండూరులో ఒక అద్దె గదిలో కూర్చుని ఆయన చెప్పిన పని చేస్తాను, చెప్పని పని కూడా కొంత చేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పలకరించేది గొర్రెలను కాదు సార్, కాపరులను" అన్నాను.

వికారాబాద్‌లో ఒక సంస్థ గొర్రెల కాపరుల కోసం ఆ యాప్ చేయిస్తోంది. మందకు నట్టల మందు ఎప్పుడు తాగించాలి, టీకాలు ఎప్పుడు వేయించాలి అన్నది గుర్తుచేస్తుంది. అసలు యాప్ కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకంటే ముందు నేను కంప్యూటర్‌లో స్క్రీన్లు గీసి, ఒక్కో బటన్ నుంచి ఒక బాణం లాగి తర్వాతి స్క్రీన్‌కు తగిలిస్తాను. దాన్ని ఫోన్‌లో తెరిస్తే నిజం యాప్‌లాగే కదులుతుంది. ప్రొటోటైప్ అంటారు. గోడ మీద గీసిన తలుపు లాంటిది. తెరుచుకున్నట్టే ఉంటుంది గానీ లోపల ఇల్లు ఉండదు.

నా ప్రొటోటైప్‌లో మొదటి స్క్రీన్ దాదాపు ఖాళీ. ఒక గొంతు "తిన్నవా?" అని అడుగుతుంది. కింద రెండు బటన్లు: "తిన్న", "ఇంక తినలే". చదువు రానివాళ్ళ కోసం ఒకదాని మీద అన్నమున్న కంచం, ఇంకోదాని మీద ఖాళీ కంచం గీశాను. ఏది నొక్కినా ఆ తర్వాత మంద లెక్క వస్తుంది. మా దిక్కు మనిషి ఎదురైతే ఎవరైనా అడిగే మొదటి మాట అదే కదా, స్వాగతం చెప్పే యాప్‌లు ఇప్పటికే బోలెడున్నాయి అని నా వాదన.

"సరే, బషీరాబాద్ పోయి కాపరులతోని నొక్కించి చూడు" అన్నాడు సార్ చివరికి. "వాళ్ళకు నచ్చితే ఉంచుదాం. లేకుంటే శుక్రవారం మీటింగ్ కల్లా గా స్క్రీన్ ఉండొద్దు."

నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. అయినా ఆ స్క్రీన్ కోసం అంత పోట్లాడటానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. అది పోతే నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఈ గది నేను, మా తమ్ముడు ప్రేమ్‌సాగర్ కలిసి తీసుకున్నది. అమ్మ, నాన్న పోయాక ధారూర్ నుంచి ఇద్దరం ఇక్కడికి వచ్చాం. వాడికి కరణ్‌కోటలో సిమెంట్ ఫ్యాక్టరీ పని. షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పకముందే గడప అవతల నుంచి "అక్కా, తిన్నవా?" అని కేక పెట్టేవాడు. తినలేదంటే తిట్టేవాడు. తిన్నానంటే, తనకేమైనా మిగిల్చానా లేదా అని గిన్నెల మూతలు తీసి చూసేవాడు. పోయిన ఏడు వాడికి పెళ్ళయింది, అక్కడే క్వార్టర్స్‌లో ఇల్లు దొరికింది. వాడి తప్పేం లేదు, కొత్త కాపురం. కరణ్‌కోట ఇక్కడి నుంచి ఎంతో దూరం కూడా లేదు. దూరమన్నా ఎక్కువుంటే, అందుకే రాలేకపోతున్నాడని మనసుకు సర్దిచెప్పుకునేదాన్ని. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేస్తాడు. "మంచిగున్నవా అక్కా?" అంటాడు. "మంచిగనే ఉన్న" అంటాను. పక్కనుంచి ఎవరో వాణ్ని పిలుస్తారు, పెట్టేస్తాడు.

మా టీమువాళ్ళమంతా ఒకే ఫైల్‌లో పనిచేస్తాం. ఎవరు ఎక్కడ గీస్తుంటే అక్కడ వాళ్ళ పేరు తగిలించుకుని ఒక రంగు కర్సర్ తిరుగుతుంటుంది. దీక్షిత అనే అమ్మాయిది గులాబి రంగు. రోజూ చూస్తాను, మనిషి ఎట్లుంటుందో మాత్రం తెలియదు. మా వీధి చివర నాపరాళ్ళు కోసే మిషన్ల రొద మీటింగుల్లోకి పోతుందని నా మైకు ఎప్పుడూ మూసే ఉంచుతాను. సాయంత్రం కొట్టుకు పోయి పాల ప్యాకెట్ అడిగితే గొంతు పెగలదు, ఆ రోజుకు అదే మొదటి మాట కాబట్టి. ఒక్కదాని కోసం వండాలంటే విసుగు. టీ తాగి పనిలో కూర్చుంటే మధ్యాహ్నం దాటిపోతుంది. ఆకలి వస్తుంది, కాసేపుండి పోతుంది.

స్క్రీన్‌లో గొంతు కూడా నాదే. తర్వాత మంచి గొంతున్నవాళ్ళతో చెప్పిద్దామని, అప్పటిదాకా పని నడవాలని నేనే రికార్డు చేశాను. మొదటిసారి పోలీసు ఆరా తీసినట్టు వచ్చింది. ఇంకోసారి ఏడుపు గొంతు. చివరికి కిటికీ మూసి, మా తమ్ముడు ఎట్లా అడిగేవాడో అట్లా అడిగాను. అది కుదిరింది. అప్పటి నుంచి పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు, సరిగ్గా పలుకుతోందో లేదో చూడాలన్న వంకతో ఫోన్‌లో ప్రొటోటైప్ తెరుస్తాను. "తిన్నవా?" అంటుంది. "తిన్న" నొక్కుతాను. తినని రోజు కూడా అదే నొక్కుతాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

బుధవారం షేర్ ఆటోలో బషీరాబాద్ పోయాను. సంస్థ తరఫున ఆ ఊళ్ళు తిరిగే జంగప్ప, ఒక చేను అంచున మందలు ఆపిన కాపరులను కూర్చోబెట్టి ఉంచాడు. కన్నడం, తెలుగు కలిపి వాళ్ళతో పరాచికాలాడుతున్నాడు.

"మీదే ఊరు మేడం?" అన్నాడు నన్ను చూసి.

"ధారూర్ దిక్కు. ఇప్పుడు తాండూర్‌ల ఉంటున్న."

"ఎవరెవరుంటరు?"

"నేనే."

ఇంకేదో అడగబోయి, ఎందుకో ఆగి, కాపరులను వరసలో జరగమన్నాడు.

ఫోన్ వాళ్ళ చేతికిచ్చాక మేము ఇంకో ఫోన్‌తో వీడియో తీస్తూ నోరు మూసుకుని చూడాలి, సాయం చేయకూడదు. అది మా పనిలో నియమం. ఒకరి తర్వాత ఒకరు తీసుకున్నారు. "తిన్నవా?" అనగానే ముసిముసిగా నవ్వి, నిండు కంచం బొమ్మ నొక్కి ముందుకు పోయారు. ఒకాయన అయితే ఫోన్‌కు నోటితో కూడా జవాబు చెప్పాడు, "తిన్ననమ్మ, తిన్న" అని. నాకు సంతోషం పట్టలేదు. వాళ్ళ సద్ది మూటలు ఇంకా విప్పకుండా కర్రలకే వేలాడుతున్నాయి. చూశాను గానీ పట్టించుకోలేదు.

చివరికి హన్మమ్మ అనే పెద్దామె వచ్చింది. గొంగడి పక్కన పెట్టి, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ప్రశ్న విన్నది. బొమ్మలు రెండూ చూసి, ఖాళీ కంచం నొక్కింది. మంద లెక్క వచ్చింది. ఆమె మాత్రం ముందుకు పోలేదు, ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. నియమం ప్రకారం నేనూ కూర్చున్నాను.

"తినలే అని నొక్కిన" అంది చాలాసేపటికి.

"ఆఁ, చూసినమ్మ."

"మరి?"

"మరి... మంద లెక్క వచ్చింది గదా. అది నింపాలె."

"నేను తినలే అంటే గొర్రెలెన్ని అని అడుగుతదా? గిదేం అడుగుడు?"

అందరూ నవ్వారు. "ఫోను నీకు బువ్వ పెడ్తదా హన్మమ్మా?" అన్నాడు జంగప్ప.

"పెట్టనిది అడుగుడెందుకు?" అంది ఆమె. ఎగతాళి లేదు ఆ మాటలో, నిజంగానే తెలియక అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది. "గా గొంతు ఎవరిది?"

"నాదే."

"నీదా? మరి నువ్వు తిన్నవా బిడ్డ?"

"తిన్న" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. ఆమె అడగడం, నేను అనడం ఒక్కసారే అయిపోయాయి. పొద్దున తాగిన టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. ఆమె నా ముఖం వంక చూసి, "మంచిది" అంది. నమ్మింది. ఎందుకు నమ్మదు? పక్కకు పోయి మూట విప్పింది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. అది చూసి, ఇందాక "తిన్న" అని నొక్కినవాళ్ళంతా తమ మూటలు కూడా విప్పారు. నేను కాస్త దూరంలో ఏదో రాసుకుంటున్నట్టు ఫోన్ మీదికి వంగాను. కారం వాసనకు నోట్లో నీళ్ళూరాయి. ఇప్పుడైనా పోయి, లేదమ్మా, తినలే అంటే ఏం పోయింది? జరిగి చోటిచ్చేది, సగం రొట్టె తుంచి చేతిలో పెట్టేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా చెప్పనిదానికి ఎవరు పెడతారు? ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆటో దొరికేదాకా ఆ కోపంతోనే నడిచాను.

మరునాడు ఆ బాణం ముందేసుకుని కూర్చున్నాను. "ఇంక తినలే" నుంచి దాన్ని ఎక్కడికి లాగాలి? "ముందు తినుండ్రి, గొర్రెల సంగతి తర్వాత" అని ఒక స్క్రీన్ గీశాను. చదువుకుంటే ఆఫీసు గోడ మీద రాసిన నినాదంలా ఉంది. తీసేశాను. నొక్కగానే దగ్గరివాళ్ళెవరికైనా ఫోన్ కలిసేలా చేస్తే బాగుంటుందనిపించింది. అదీ గీశాను. పరీక్షించాలంటే ఒక నంబరు కావాలి కనుక ప్రేమ్‌సాగర్ నంబరు పెట్టి, నా ఫోన్‌లో తెరిచాను. "తిన్నవా?" అంది నా గొంతు. ఖాళీ కంచం మీద వేలు పెట్టబోయి ఆగాను. వాడు డ్యూటీలో ఉంటాడు. ఎత్తగానే "ఏమైందక్కా?" అని పరేషాన్ అవుతాడు. ఏం కాలేదురా, అన్నం తినలేదు, అందుకే చేశాను అని చెప్పాలా? ముప్పై దాటిన మనిషిని. నంబరు చెరిపేసి, బాణాన్ని మళ్ళీ మంద లెక్కకే తగిలించాను. ఆ స్క్రీన్ ఉండకూడదని నాకు అప్పుడు అర్థమైంది. పెట్టలేనివాళ్ళం అడగకూడదు, హన్మమ్మ చెప్పింది అదే. దాన్ని వదులుకోవాలంటే నాకు కష్టమే. అయినా మీటింగ్‌లో నేనే చెప్పి తీయించాలనుకున్నాను.

శుక్రవారం రైల్లో వికారాబాద్ పోయాను. సంస్థ ఆఫీసులో రాజేందర్ సార్, ఆ సంస్థను నడిపే నవనీత మేడం ఉన్నారు. బషీరాబాద్‌లో నేను తీసిన వీడియోలు గోడ మీద వేశారు. కాపరులు నవ్వుకుంటూ "తిన్న" నొక్కుతుంటే మేడం కూడా నవ్వింది.

"నేను ఓడిపోయిన రెబెక్కా" అన్నాడు సార్. "మస్తుగుంది. గీ స్క్రీన్ ఉంచుదాం."

"వద్దు సార్, తీసేద్దాం."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇన్నాళ్ళూ దానికోసం ఆయన ప్రాణం తీసింది నేనే మరి.

"తినలే అని నొక్కినోళ్ళు పోవడానికి చోటు లేదు సార్. హన్మమ్మ వీడియో చూడుండ్రి. అడిగేది మనమే, ఏం చెయ్యలేనిది మనమే."

చూశారు. హన్మమ్మ ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్న చోట మేడం నవ్వు ఆపింది. సార్ మాత్రం బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ ఆలోచించాడు.

"ఆమె ఒక్కతే గదా ఆగింది? మిగతా అందరు టకటక పోయిన్రు. తకరారు ప్రశ్నతోని లేదు, గా రెండో బటన్‌తోని ఉంది. దాన్ని తీసెయ్."

"తీసేస్తే?"

"ఒకటే బటన్. తిన్న. ఇగ ఎవ్వరు ఆగరు."

"సార్, ఒకటే జవాబు పెట్టి అడిగితే అది అడిగినట్టా?" నా గొంతు లేచింది. పక్క గదిలోవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

"బయట మనం అడిగేది గూడ గంతే గదా" అన్నాడు ఆయన మామూలుగా. "తిన్నవా అంటే తిన్న అంటరు. తినలే అని ఎవరన్న చెప్తరా? నువ్వు చెప్తవా?"

నేను హన్మమ్మ వీడియో ఆపేశాను. "పలకరింపు మాత్రం ఉంచండి, ముద్దుగా ఉంది" అంది మేడం. తర్వాత ఇద్దరూ టీకాల స్క్రీన్ మీదికి పోయారు. సాయంత్రానికల్లా మార్చి పంపమన్నారు.

వికారాబాద్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. "ఇంక తినలే" బటన్‌ను ఎంచుకుని చెరిపాను. దాంతోపాటే దాని బాణమూ పోయింది. మిగిలిన బటన్ దానంతట అదే జరిగి మధ్యలో నిలబడింది. చూడటానికి ఇంతకు ముందుకంటే బాగుంది కూడా, దానికే నాకు ఒళ్ళు మండింది.

పంపే ముందు ఒకసారి ఫోన్‌లో సరిచూడాలి. తెరిచాను. ప్లాట్‌ఫారం మీద అంత జనం మధ్య నా గొంతు నన్ను "తిన్నవా?" అని అడిగింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. "తినలే" అన్నాను, పైకే, గట్టిగానే. పక్కన కూర్చున్నాయన ఒకసారి నా వైపు చూసి, ఎవరితోనో మాట్లాడుకుంటోందిలే అనుకుని, మళ్ళీ తన ఫోన్‌లోకి తల దించుకున్నాడు. స్క్రీన్ ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉంది. ఉన్న ఒక్క బటన్ నొక్కాను. మంద లెక్క వచ్చింది.