పావురం బొమ్మ పెట్టె

నా గదిలో సోదా చేయాలని తార్నాకలో ఎవరికీ తోచదు. నేను శాంతి మనిషిని. వియత్నాం మీద బాంబులు ఆపాలని సంతకాలు అడిగి అడిగి యూనివర్సిటీ ప్రాణం తోడేశాను. నేను కనబడితే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పిల్లలు పెన్నులు దాచుకునేవాళ్లు. "రాజేశ్వరక్క వస్తున్నది, ఉరకండ్రా!" అని నవ్వేవాళ్లు. నవ్వనీ, చివరికి సంతకం పెట్టేవాళ్లు.

ఆ మధ్యాహ్నం కర్ఫ్యూ. తెలంగాణ కోసం పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కిన రోజులు. నాది కర్నూలు. అయినా ఇంటి ఓనరు బుచ్చవ్వ నన్ను పొమ్మనలేదు.

కాగితాలు సర్దుదామని, నేనే తెల్ల పావురం బొమ్మ వేసుకున్న ట్రంకుపెట్టె తెరిచాను. సంతకాల కట్టల కింద, సుతిలి తాడుతో చుట్టిన నాటుబాంబులు.

ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఉద్యమంలో తిరిగేది బుచ్చవ్వ కొడుకు సమ్మయ్య ఒక్కడే; వాణ్ని గదిలోకి లాక్కొచ్చాను.

"నీ పెట్టె ఎవడు చూస్తడక్కా? రేపు కర్ఫ్యూ ఎత్తంగనే తీస్కపోత."

"యాడికి?"

"బస్సు మీదికి. ఖాళీ బస్సే."

"డ్రైవరు లేకుండానే వస్తుందా?"

అంతలోనే వాకిట్లో బూట్ల చప్పుడు. దొడ్డి వైపూ పోలీసులే. చెబితే వీడు జైలుకు పోతాడు. ఊరుకుంటే రేపు ఎవరో చస్తారు.

ఇన్‌స్పెక్టరు ఇల్లంతా వెతికి నా గుమ్మం ముందు ఆగాడు. "మీ రూం చూసుడెందుకు మేడమ్? మీ కాగితం మీద నేను గూడ దస్తఖత్ పెట్టిన గద" అని నవ్వి వెనక్కి తిరిగాడు.

బుచ్చవ్వ కొడుకు ముఖం చూసింది. అంతా అర్థమైపోయింది కాబోలు, గోడ పట్టుకుని "బిడ్డా..." అంది నాతో.

"ఆగండి" అన్నాను. "పెట్టెలో బాంబులున్నాయి."

ఇన్‌స్పెక్టరు సమ్మయ్య వైపు తిరిగేలోపే అన్నాను.

"నావే."

ఇన్‌స్పెక్టరు మొదట తమాషా అనుకున్నాడు. పెట్టె చూశాక నా వంక చూడలేకపోయాడు. బాంబుల్ని నీళ్ల బకెట్‌లో వేయించి, నన్ను జీపెక్కమన్నాడు. నేను చెప్పులు తొడుక్కుంటుంటే కట్టలు విప్పి ఒక్కో కాగితం తిరగేస్తున్నాడు. సాక్ష్యం కోసం అనుకున్నాను.

తన సంతకం దొరికింది. ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు.