అరచేతిలో ఊపిరి

డెయిరీలో పాలు పోసి ఆడవాళ్ళు ఇండ్లకు తిరిగివచ్చే వేళకు పిళ్ళప్ప తన పిండి మిషను షట్టరు ఎత్తేవాడు. చింతామణి రోడ్డు పక్కన, ఊరి మొదట్లోనే ఆ మిషను. మోటారు వేసి, బెల్టు సరిగ్గా తిరుగుతోందో లేదో చూసి, మొదటి పిడికెడు రాగులు తనే తొట్టిలో పోసేవాడు. కిందినుంచి వచ్చిన పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి తల ఆడించేవాడు. అప్పుడు వరసలో ఉన్న డబ్బాలు ముందుకు జరిగేవి. ముందు రాగులు, తర్వాత జొన్నలు, అన్నిటికన్నా చివర మిరపకాయలు. మధ్యాహ్నానికి ఆయన మీసం, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లబడిపోయేవి. నీళ్ళు పోసుకుంటేగానీ మనిషి వయసెంతో తెలిసేది కాదు.

ఈ మధ్య దగ్గు ఎక్కువైంది. దగ్గు తెర వచ్చినప్పుడు తొట్టి అంచు పట్టుకుని వంగిపోయేవాడు. వరసలో ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, తమ అరచేతిలోకి నిండుగా ఊది, ఆ చేతిని ఆయన ఎదమీద పెట్టేవాళ్ళు.

"తీసుకోప్పా, నిదానంగా."

ఎద నిండేది, దగ్గు ఆగేది. ఊపిరి ఇచ్చిన మనిషి కాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, తన డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయేది. ఆ పల్లెల్లో ఇది పాలలోకి తోడు ఇచ్చిపుచ్చుకున్నంత మామూలు. కాన్పు కష్టమైన పిల్లకు తల్లి ఇస్తుంది. పోయే ప్రాణం కూతురు వచ్చేదాకా నిలవాలని ముసలివాళ్ళకు పక్కింటివాళ్ళు ఇస్తారు. ఇచ్చినవాళ్ళు తిని పడుకుంటే మళ్ళీ ఊరుతుంది. ఒకే మనిషి రోజూ ఇవ్వకూడదని మాత్రం పెద్దవాళ్ళు చెబుతారు. అట్లా ఇస్తే ఊరడం మానేస్తుందట.

చిక్కబళ్ళాపురంలో కాపురముంటున్న కూతురు నేత్ర బలవంతం చేసి తండ్రిని అక్కడి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. భార్య మునిరత్నమ్మ కూడా వెంట వెళ్ళింది. డాక్టరు చిన్న వయసు పిల్ల. గొట్టంలోకి ఊదమంది, ఎద ఫోటో తీయించింది, చాలాసేపు వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది పూర్తిగా పోయే జబ్బు కాదప్పా. ముదరకుండా చూసుకోవల్ల. మందు పీల్చే పంపు రాసిస్తాండా. కానీ ఆ దుమ్ములో నిలబడితే ఏ మందూ పని చెయ్యదు."

"అంటే మిషను ఆపేయల్లనామ్మా?"

"నేనైతే ఆపేయమనే చెప్తా. మీరు ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోండి."

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మునిరత్నమ్మే మొదలుపెట్టింది.

"ఆపేద్దామప్పా."

"ఆపేసి?"

"ఏదో ఒకటి. రెండు మేకలు పెట్టుకుందాం. నేత్ర గూడా చూస్తానంటాంది."

"ఏమే, నేను చింతామణి మండీలో మూటలు మోసినప్పుడు నన్ను ఎవరన్నా పేరుపెట్టి పిల్చినారా? ఈ మిషను పెట్టినాకనే నాకు ఊర్లో పేరొచ్చింది. మిషను పిళ్ళప్ప అంటారు. మిషను తీసేస్తే ఇంగ మిగిలేదేమి?"

"పిళ్ళప్ప మిగుల్తాడు" అంది మునిరత్నమ్మ.

ఆయన నవ్వలేదు. ఆమె నవ్వించడానికి అనలేదు కూడా. మరునాడు ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని వెళ్ళి షట్టరు ఎత్తాడు.

విచిత్రంగా మందు బాగా పట్టినట్టు కనిపించింది. రాత్రి ఎంత ఆయాసపడి పడుకున్నా, పొద్దున లేచేసరికి ఎద తేలిగ్గా ఉండేది. ఆ తేలికతో మధ్యాహ్నందాకా నెట్టుకొచ్చేవాడు. నేత్ర ఫోను చేస్తే గొంతు పెంచి చెప్పేవాడు. "చూసినావా, పంపు మంచిది. మిషను ఆపమన్నావే, ఆపింటే ఏమయ్యేది? ఊరికే కూర్చుని కుళ్ళిపోయేవాణ్ణి." వరసలో ఆడవాళ్ళు ఊపిరి ఇవ్వడానికి లేస్తే, ఇంక అక్కర్లేదని చెయ్యి అడ్డం పెట్టేవాడు. కోతలు ముగిసి కొత్త రాగులు వచ్చాయి. మిషను ముందర రోడ్డుదాకా డబ్బాలు నిలిచాయి. మిరపకాయలు ఆడించే రోజుల్లో కూడా ఆయన వెనక్కి తగ్గలేదు.

ఇంట్లో మాత్రం ఏదో నెమ్మదించింది. నీళ్ళ బిందె గడపదాకా తెచ్చి మునిరత్నమ్మ దించేసేది. సంగటి కెలుకుతూ మధ్యలో ఆగి గోడవైపు చూసేది. మాట మొదలుపెట్టి సగంలో వదిలేసేది. ఆకలితో వచ్చిన పిళ్ళప్ప కసురుకునేవాడు.

"ఏమే, ఇంత నిదానమా? వయసైపోయిందా నీకు?"

"అయింది" అనేది ఆమె, ఒక్క మాటలో.

మాఘమాసపు చలికి ఒకనాడు ఆయనకు తెల్లారకముందే మెలకువ వచ్చింది. ఎదమీద ఏదో చల్లగా తగిలింది. చూస్తే మునిరత్నమ్మ చెయ్యి. ఆమె పక్కనే గోడకు చేరగిలబడి, పరుగెత్తి వచ్చినదానిలాగా నోరు తెరుచుకుని గాలి పీలుస్తోంది. పిళ్ళప్పకు లేచి కూర్చోవడానికి కాసేపు పట్టింది.

"ఎన్నాళ్ళనుంచి ఇస్తాండావు?"

"ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచి."

"రోజూనా? రోజూ ఇస్తే ఊరదని తెలీదా నీకు?"

"తెలుసు." ఆమె మళ్ళీ గాలి పీల్చుకుంది. "నువ్వు ఆపుతావని చూసినా. ఇవాళ ఆపుతావు, రేపు ఆపుతావు అని. నువ్వు పోతానే ఉండావు. పనికి పోయే మనిషిని ఊపిరి లేకుండా ఎట్ల పంపేది?"

పంపు గురించి కూతురికి చెప్పిన గొప్పలన్నీ పిళ్ళప్ప చెవుల్లో మోగాయి.

అదే ఆస్పత్రిలో, అదే డాక్టరు ఈసారి మునిరత్నమ్మ ఎద ఫోటో చూసింది. "నువ్వు గూడా మిషన్లో పని చేస్తావామ్మా?"

"లేదు తల్లీ. ఆ కారం ఘాటు నాకు పడదు. లోపలికే పోను."

డాక్టరు ఫోటో దించి పిళ్ళప్పవైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. ఆ డాక్టరుదీ ఈ పక్క పల్లెనే కాబోలు, ఇంకేమీ అడక్కుండా రెండో పంపు రాసిచ్చింది.

ఊరు చేరిన వెంటనే పిళ్ళప్ప బెల్టు ఊడదీశాడు. కరెంటు తీగ పీకించాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆడవాళ్ళు డబ్బాలెత్తుకుని చింతామణి బస్సెక్కడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు పక్క ఊరి ధనుంజయ, కొత్తగా పెండ్లైనవాడు, మిషను తనకిమ్మని వచ్చాడు.

"నీ పెండ్లాం వచ్చి అడగనీప్పా" అన్నాడు పిళ్ళప్ప. "ఆమె అడిగితే ఇస్తా. నా ఇంటామె ఎట్లుండాదో ఒకసారి చూసి అడగమను."

ధనుంజయ మళ్ళీ రాలేదు.

మిషను ఆపినంత మాత్రాన మునిరత్నమ్మకు పోయింది తిరిగి రాలేదు. ఆషాఢపు గాలి దుమ్ము లేపుతున్న ఒక సాయంత్రం, మిద్దెమీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతూ ఆమె మెట్లమీదే కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. పక్కింటి బైరప్ప ఆటోకోసం పరుగెత్తాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అరచేతిలో ఊది ఆమె ఎదమీద పెట్టారు. ఎవరిదీ నిలవలేదు. చిల్లికుండలో పోసినట్టు వచ్చింది వచ్చినట్టే పోయింది.

"పరాయి ఊపిరి పట్టుకునే తావు గూడా లేదప్పా ఆమె లోపల" అంది ఒక ముసలామె.

పిళ్ళప్ప కింది మెట్టుమీద కూర్చున్నాడు. తన ఎదలో ఉన్నది పరాయిది కాదని ఆయనకు తెలుసు. అరచెయ్యి నోటిదగ్గర పెట్టుకుని ఊదాడు. చాలనిపించినా ఆగలేదు. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆ చెయ్యి ఆమె ఎదమీద పెట్టి, చివరిగా మిగిలిన గాలితో అన్నాడు.

"ఇది నీదే."

అది నిలిచింది. బైరప్ప ఆటోతో వచ్చేసరికి మునిరత్నమ్మ లేచి కూర్చుని ఉంది. ఆస్పత్రికి మోసుకుపోయింది పిళ్ళప్పను.

ఆయన బతికాడు. ఇప్పుడు ఇంటిముందర అరుగుమీద కూర్చుని ఉంటాడు. బస్సుకు పోయేవాళ్ళు పలకరిస్తే చెయ్యి ఎత్తుతాడు, లోపలినుంచి మునిరత్నమ్మ జవాబిస్తుంది. ఆమె రెండు మేకలను తోలుకుని చెరువుగట్టుదాకా పోయి వస్తుంది, మధ్యలో ఒకసారి కూర్చుంటుంది, అంతే. ఆయనకు మాత్రం రోజుకు ఒక్క మాటకు సరిపడా ఊపిరే మిగిలింది. పెండ్లైనప్పటినుంచి ఆమెను 'ఏమే' అని తప్ప పిలవని మనిషి. పొద్దున్నే ఆమె అంబలి గ్లాసు తెచ్చినప్పుడు ఆ ఒక్క మాటనూ ఆమె పేరుకే వాడతాడు. పొడుగు పేరు. సగంలో ఒకసారి ఆగిపోతాడు. గ్లాసు చేతిలోనే పట్టుకుని, మిగతా సగం వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడుతుంది.