ఐదో నంబరు ఆయిలు

డ్రెయిన్ బోల్టు ఊడగానే గంధకం కంపు గుప్పుమంది. గేర్‌బాక్సులోంచి ట్రేలోకి జారిన ఆయిల్లో పసుపు మెరుపు తేలుతోంది. పానాలక్క వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసింది. ఇత్తడి పొడి. పిండిలా సన్నగా ఉంది.

పొద్దున ఆరింటి నుంచీ ఆ పాత లారీ కిందే ఉందామె. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. పైన రేకులు కాలుతున్నాయి, కింద మనుషులు మాడుతున్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ షెడ్డులో ఆమె చేతిలో పానా లేకుండా చూసినవాళ్ళు లేరు కాబట్టి, అసలు పేరు అందరూ మరిచిపోయి పానాలక్క అనే పిలుస్తారు.

ఆ లారీ మొన్న ఇనుప చువ్వల లోడుతో ఎత్తు రోడ్డు ఎక్కుతూ, మూడో గేరు నుంచి రెండుకు దిగలేక, వెనక్కి జారి, లోడు తూచే కాటా గది గోడను కూల్చింది. డ్రైవరు దూకబోయి కాలు రెండు చోట్ల విరగ్గొట్టుకుని ఆస్పత్రిలో పడి ఉన్నాడు. నోరు మూతపడదని అతన్ని హారన్ అంటారు.

"అయిందా?" అంటూ వచ్చాడు మేనేజరు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన యజమాని అల్లుడు. పెళ్ళికి ముందు ఆయనకు లారీ అంటే తన కారుకు అడ్డం వచ్చే వస్తువు. పెళ్ళయ్యాక మామగారి ఆస్తి. దాని లోపల ఏముంటుందో తెలుసుకోవలసిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు; వచ్చినా చేతికి మురికి అంటుతుందని ఊరుకునేవాడు.

"బాక్సు ఇంకా విప్పాలి సార్," అందామె.

"విప్పేదేముంది? ఆ వాగుడుకాయకి గేరు మార్చడం రాదు. రిపోర్టు టైపు చేయించాను. సంతకం పెట్టు."

కాగితం బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా ఆమె సుత్తినే దాని మీద ఉంచి వెళ్ళిపోయాడు. క్లచ్ తొక్కకుండా గేర్లు మార్చడం వల్ల డ్రైవరు గేర్‌బాక్సు పాడుచేశాడట. కాబట్టి ఆస్పత్రి ఖర్చు కంపెనీది కాదు. కాలు బాగుపడ్డాక అతను మళ్ళీ రానక్కర్లేదు.

పానాలక్కకు హారన్ అంటే ఒళ్ళుమంట. ఆడమనిషి చెయ్యి పడ్డ గేర్‌బాక్సు ఆర్నెల్లు కూడా ఉండదని టీ బంకు దగ్గర నలుగురిలో ఎగతాళి చేసిన ఘనుడు. క్లచ్ ముట్టకుండా, ఇంజను చప్పుడు వింటూ అన్ని గేర్లూ వేస్తానని కోతలు కోసేవాడు. ఆ కోతలు విననివాడు షెడ్డులో లేడు. మేనేజరు కాగితానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు, వాడి నోరే చాలు. సంతకం పెడితే పీడా పోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించిందామెకు. అనిపించినందుకు ఆమె సిగ్గుపడలేదు కూడా.

బాక్సు దించి, మూత విప్పి, గేర్లు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది. డ్రైవరు మొరటుగా గేరు వేస్తే ఉక్కు పళ్ళ అంచులు పగులుతాయి. అదీ అతను బలవంతం చేసిన గేరుకే. ఇక్కడ ఉక్కు పళ్ళన్నీ నిక్షేపంగా ఉన్నాయి. గేరు పడే ముందు రెండు చక్రాల వేగాన్నీ సమం చేసే ఇత్తడి రింగులే పాడయ్యాయి. రెండో గేరుది ఒక్కటే కాదు, అన్నీ. చెదలు తిన్న చెక్కలా గుంటలు పడి, నల్లబడి, చేత్తో గీకితే పొడి రాలుతోంది.

ఆమెకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఏడు నెలల క్రితమే తెలుసు.

అప్పుడు మేనేజరు ఎనిమిది డ్రమ్ముల ఆయిలు దింపించాడు. లీటరు మీద మూడో వంతు తక్కువట. డ్రమ్ము మీద రకం నంబరు ఐదు. ఆమె లారీతో వచ్చిన పాత పుస్తకం పట్టుకెళ్ళి పేజీ చూపించింది.

"ఈ బళ్ళ గేర్‌బాక్సుకి నాలుగో నంబరే పోయాలి సార్. ఐదోది వెనక ఇరుసు హౌసింగుకి. అక్కడంతా ఉక్కే, దానికి ఈ ఆయిల్లో కలిపే ఘాటు గంధకం మందు కావాలి. గేర్‌బాక్సులో ఇత్తడి ఉంది. వేడెక్కితే ఆ మందే ఇత్తడిని తినేస్తుంది."

"నాలుగు పెద్దదా, ఐదు పెద్దదా?"

"అది పెద్దా చిన్నా లెక్క కాదు సార్. దేని పని దానిది."

"పెద్ద నంబరు సరుకు తక్కువ ధరకు తెస్తే పొగడాల్సింది పోయి పాఠం చెబుతున్నావా? నువ్వేమన్నా ఇంజనీరువా?"

కాదని చెప్పి, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేసిందామె. వచ్చి పదకొండు లారీల్లో తన చేతులతోనే ఆ ఆయిలు పోసింది. మూడు వారాల క్రితం హారన్ వచ్చి, "అక్కా, రెండో గేరు కరకరమంటోంది, ఒకసారి చూడవా?" అన్నాడు. "వాగుడు తగ్గించి క్లచ్ పూర్తిగా తొక్కు," అని తరిమేసింది. మేనేజరు తెలియక కొన్నాడు. తను తెలిసి పోసింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నీచమో తేల్చుకోలేక, ఆమె రింగు చేతిలోకి తీసుకుని దాని నల్లపొడిని గుడ్డతో తుడిచింది.

మేనేజరు తిరిగి వచ్చాడు. "పెట్టావా?"

"పెట్టను సార్."

"ఏంటీ?"

"తప్పు డ్రైవరుది కాదు, ఆయిలుది. చూడండి." రింగు ఆయన ముందుకు చాపింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వాడు నీకేమన్నా చుట్టమా?"

"చుట్టమైతే ఈపాటికి నాలుగు తగిలించేదాన్ని. వాడి మొహం చూడాలన్నా నాకు చిరాకు."

"మరి నీకెందుకు?"

"ఆయిలు పోసింది నేను. కొన్నది మీరు. ఆ మాట రాసి తీసుకురండి, కింద ఇద్దరం సంతకాలు పెడదాం."

మేనేజరు నవ్వాడు. ఎదుటివాళ్ళు కూడా నవ్వుతారని ఎదురుచూసే నవ్వు అది. పక్కన పనిచేస్తున్న వెల్డరు నవ్వలేదు. తల వంచుకుని, ఆరిపోయిన వెల్డింగు కడ్డీని ఊరికే తిప్పుతున్నాడు.

"రేపట్నుంచి రావద్దంటే ఏం చేస్తావ్?"

"రాను. ఇవాళ ఇంకా ఉన్నాను కదా."

రెండో షిఫ్టు డ్రైవర్లు అప్పటికే లోడు బళ్ళు ఎక్కి ఇంజన్లు స్టార్టు చేశారు. ఆరు లారీలు గేటు వైపు వరసగా నిలబడ్డాయి. పానాలక్క ట్రే ఎత్తి, ఆయిలు తొణుకుతుండగా మొదటి లారీ దగ్గరికి నడిచింది. దాని డ్రైవరు ముసలాయన, రిటైరు కావడానికి రెండేళ్ళుంది. యజమాని ముందు చేతులు కట్టుకోవడం తప్ప మరో భంగిమ ఎరగని మనిషి.

"బాబాయ్, నీ బండిలో కూడా ఇదే పోశాను. ఎత్తులో రెండో గేరు పడకపోవచ్చు. ఆ లోడుతో వెళ్ళకు."

ముసలాయన కిటికీలోంచి వంగి ట్రేలోకి చూశాడు. "ఇదేంటమ్మా, మెరుస్తోంది?"

"బాక్సులో ఉండాల్సిన ఇత్తడి."

"బండి తియ్యవయ్యా!" అని గేటు దగ్గరి నుంచి మేనేజరు కేకేశాడు. వెనక లారీలు హారన్లు కొట్టాయి. ముసలాయన ఆమెను చూశాడు, మేనేజరును చూశాడు, మళ్ళీ ట్రేలోకి చూశాడు.

తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చున్నాడు. వెనక ఐదు ఇంజన్లు మోగుతూనే ఉన్నాయి. మేనేజరు ఫోను చెవికి పెట్టుకుని గబగబా వస్తున్నాడు. పానాలక్క ట్రే పట్టుకుని రెండో లారీ వైపు నడిచింది.