ఆరు బెజ్జాల ఫియట్

నేను ఒక ఫియట్ కారుని. డెబ్బయ్యో దశకం మొదట్లో బొంబాయిలో పుట్టి, విజయనగరం చేరిన మీగడ రంగు ఫియట్‌ని. స్టీరింగు పక్కనే గేరు, ముందు పొడుగాటి మెత్తని సీటు, తలుపు వేస్తే పాతకాలం బీరువా మూసినంత గంభీరమైన చప్పుడు. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఇప్పటికీ రోడ్డెక్కితే జనం తలలు తిప్పి చూస్తారు. పుట్టుకతో నాకు లేనిది ఒక్కటే, సీటు బెల్టు. ఆ రోజుల్లో మనుషులు దేవుడికి దండం పెట్టుకుని కారెక్కేవారు. అంతకు మించిన ఏర్పాటు ఒకటి కావాలని నన్ను చేసినవాళ్ళెవరికీ తోచలేదు.

నా మొదటి యజమాని కలప వ్యాపారి. ఒకసారి ఆయన ఉన్నట్టుండి బ్రేకు వేస్తే, పక్కనున్న భార్య నుదురు నా డాష్‌బోర్డుకి కొట్టుకుని బొప్పి కట్టింది. అంత జోరుగా ఎందుకు పోనిచ్చారని ఆయన్ని ఎవరూ అడగలేదు. నాకు దిష్టి తగిలిందని తేల్చి, బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు. దెబ్బ ఆవిడకీ, దిష్టి నాకూ! ఆ నిమ్మకాయలు ఎండి రాలిపోయేదాకా మోసుకు తిరిగాను.

ఆ తరవాత నన్ను విశాఖపట్నం తెచ్చినవారు పుండరీకం గారు. పోర్టులో పైలట్‌గా చేసేవారు. అంటే, సముద్రం మీద నుంచి వచ్చే పెద్ద పెద్ద ఓడలెక్కి వాటిని క్షేమంగా రేవులోకి తెచ్చే ఉద్యోగం. అంతంత ఓడల్ని ఎక్కడా రాసుకోకుండా తెచ్చిన మనిషి, నన్ను ఇంటి గేటులోంచి తెచ్చేటప్పుడు మాత్రం అడపాదడపా గోడకి రాసేవారు. అయినా ఆయన మీద నాకు కోపం రాలేదు. అంత ప్రేమగా చూసుకునేవారు మరి.

ఆయనకి ఒక్కతే కూతురు, వైదేహి. చిన్నప్పుడు నా ముందు సీటులో నిలబడి, ఊరంతా తనదే అన్నట్టు చూసేది. బ్రేకు వేసినప్పుడల్లా పుండరీకం గారి ఎడమ చెయ్యి తనంతట తానే లేచి ఆ పిల్లకి అడ్డం పడేది. ఆ పిల్ల పెరిగి డాక్టరై, ఒక ఆసుపత్రిలో ప్రమాదాల వార్డులో చేరింది. కొన్నాళ్ళకి ఒక ఉదయం నా తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

"నాన్నా, ఇంక నేను దీంట్లో ఎక్కను. బెల్టుల్లేవు."

"నా చెయ్యి ఉంది కదే, తల్లీ!"

"అలా అడ్డం పెట్టిన చేతులకే నేను రోజూ కట్లు కడుతున్నాను నాన్నా."

ఆనాటి నుంచి తండ్రీకూతుళ్ళు ఏ పెళ్ళికి బయల్దేరినా ఆయన నాలో, ఆమె హెల్మెట్ పెట్టుకుని స్కూటరు మీద నా వెనక. ఆయన మాటల మధ్యలో అలవాటుగా ఎడమవైపు తిరిగేవారు, ఖాళీ సీటు చూసి నోరు మూసుకునేవారు. ఆయనకి దిగులుగా ఉండేది. చెప్పొద్దూ, నాకూ ఉండేది.

ఏటా మా పాత కార్లన్నీ వరసకట్టి బీచి రోడ్డు మీదుగా భీమిలి దాకా ఊరేగుతాయి. అక్కడ, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న కారుకి కప్పు ఇస్తారు. కొన్నేళ్ళుగా ఆ కప్పు నాదే. నా ఒంటి మీద కొత్తగా పడ్డ చిల్లు ఒక్కటి కూడా లేదని పుండరీకం గారు అందరికీ చూపించి మరీ చెప్పేవారు. నేనూ బోనెట్ ఎగరేసుకుంటూ నిలబడేదాన్ని. ఈ ఏడు ఊరేగింపులో మాత్రం కూతురు పక్కన కూర్చుంటే బాగుండునని ఆయనకి గట్టిగా అనిపించింది. అడిగితే ఆమె నవ్వి, "బెల్టులు పెట్టించు, అందరికన్నా ముందు వచ్చి కూర్చుంటా" అంది.

బెల్టులు పెట్టాలంటే నాకు బెజ్జాలు పడాలి. బెజ్జాలు పడితే కప్పు పోతుంది. ఈ చిక్కుకి మా మెకానిక్ పైడిరాజు చిటికెలో విరుగుడు కనిపెట్టాడు.

"బాడీ ముట్టుకోనక్కర్లేదు బాబూ. బెల్టులు సీటుకే బిగించెద్దుం. కూకునీది సీటు మీదే కదేటి!"

పుండరీకం గారి మొహం వెలిగిపోయింది. నాకూ ఎగిరి గంతేయాలనిపించింది. సాయంత్రానికల్లా సీటు కింది ఇనుప చట్రానికి బెల్టులు బిగిశాయి. వైదేహి వచ్చి కూర్చుంది, బెల్టు పెట్టుకుంది. ఆయన ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. ఆమె ఒక్కసారి బలంగా ముందుకి ఒరిగింది. సీటు వెనక భాగం కిర్రుమని పట్టాల మీద నుంచి లేచి, ఆమెతో పాటే ముందుకి వచ్చేసింది.

"ఇదివరకు గుద్దుకుంటే మనమే అద్దంలోంచి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు సీటు కూడా తోడొస్తుంది" అంది వైదేహి. తండ్రి మొహం చూసి గొంతు తగ్గించింది. "నాన్నా, రేవులో ఓడని తాడేసి దేనికి కడతారు? ఒడ్డుకా, ఓడకేనా?"

ఆయన వంగి, బెల్టు బిగించిన చట్రం వైపు చూశారు. జీవితమంతా ఆ పని చేసిన మనిషి! ఆమె హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన నా మడ్‌గార్డు మీద చెయ్యి వేసి చీకటి పడేదాకా అలాగే నిలబడ్డారు.

మర్నాడు పైడిరాజు చేతిలోంచి డ్రిల్లింగు మిషను ఆయనే లాక్కున్నారు.

"కప్పు పోద్ది బాబూ, ఆలోసించండి."

"పోనీ. నా కూతురు రావాలి."

రెండు తలుపుల మధ్య స్తంభానికి మొదటి బెజ్జం ఆయన చేత్తోనే వేశారు. చెవులు కుట్టించుకునే పిల్లలా నేను కీచుమన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని రెండో బెజ్జానికి గురి పెట్టారు. ఒక్కో బెల్టుకి మూడేసి బెజ్జాలు పడ్డాయి. నా అడుగున రేకు చిరగకుండా మందపాటి ఉక్కు పలకలు అమర్చి, వాటికి బోల్టులు బిగించారు. వైదేహి వచ్చి, కాళ్ళు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. నేనే మొత్తం ఊగాను గానీ బెల్టు ఊడిరాలేదు. ఆమె తండ్రిని గట్టిగా కౌగిలించుకుంది. మరుసటి ఆదివారం ఊరేగింపులో, ఇన్నాళ్ళకి, నా ఎడమ సీటు నిండింది.

ఋషికొండ దిగుతుండగా ఒక ఆటో వెనకాముందూ చూడకుండా పక్క సందులోంచి రోడ్డెక్కింది. పుండరీకం గారు బ్రేకు మీద నిలబడ్డారు. నా టైర్లు అరిచాయి. ఇద్దరూ ఒక్క ఊపున ముందుకి వచ్చారు, బెల్టులు పట్టుకుని వెనక్కి లాగేశాయి. ఒక్క నుదురూ దేనికీ తగల్లేదు. ఆటోకీ నాకూ మధ్య జానెడు చోటు మిగిలింది. నా ఆరు బెజ్జాలూ ఉడుంపట్టు పట్టాయి. ఏ కప్పు అందుకున్నప్పుడూ నాకు అంత గర్వం కలగలేదు.

వైదేహి గట్టిగా ఊపిరి వదిలి, "బాగా కట్టావు నాన్నా" అంది.

భీమిలిలో న్యాయనిర్ణేత నా లోపలికి తొంగిచూసి కంగారుపడ్డాడు. "ఇదేంటండీ, ఇంత ఒరిజినల్ బాడీకి బెజ్జాలు వేయించేశారు?"

"మా అమ్మాయి కూర్చోడానికండీ" అన్నారు పుండరీకం గారు, ఛాతీ విరుచుకుని.

కప్పు ఒక నల్లకారుకి పోయింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

తిరుగు ప్రయాణానికి వైదేహి చెయ్యి చాపింది. "తాళాలివ్వు, నేను నడుపుతా." ఆయన తాళాలిచ్చి, జీవితంలో మొదటిసారి నా ఎడమ సీటులో కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని బెల్టుని తగిలించుకోకుండా కండువాలా భుజం మీద వేసుకుని, "ఊఁ, పోనీ" అన్నారు. ఆమె నన్ను కదిలించలేదు. వెనక కార్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా సముద్రం వైపు చూస్తోంది.

"అంతా మన కోసమే ఆగిపోయారే తల్లీ!"

"ఆగనీ నాన్నా. నువ్వు లేకుండా నేనెక్కడికీ వెళ్ళను."

టక్కుమని ఆయన బెల్టు కొక్కెం పడింది. నేను కదిలాను.